నిదానముగా వినిపించు చదువు

గత వేసవి సెలవులలో మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు సింగపూరునుండి సకుటుంబముగా గాండ్లపెంటకు వచ్చి కొన్నిదినములుండిరి. ఆయన కుమార్తెకు ఏడేండ్లు. ఒకనాటి సాయంకాలము నేను వారి యింటికి పోయినప్పుడు ఆ బాలిక అరుగుమీద కూర్చుండి, ఒడిలో బొమ్మల పుస్తకమొకటి తెరచియుంచుకొని, ప్రక్కన నున్న సెల్‌ఫోనులో ఎవరో చదువుచుండగా వినుచు, ఆ మాటలకు సరిగా పుటమీద వ్రేలు నడిపించుచుండెను. పుస్తకము చీనాభాషలోనిది. చదువుచున్న స్వరము మిక్కిలి నిదానముగా నుండెను. నాలుగైదు అక్షరములు చదివి, ఒక యూపిరి తీయునంత కాలము నిలిచి, మరల నాలుగైదు అక్షరములు చదువుచుండెను. ఆ నిలిచిన కాలములో బాలిక పెదవులు కదలుచుండెను.

అదే యరుగున ఆమె మేనత్త కుమారుడు, ఇచటనే రెండవ తరగతి చదువు బాలుడు, తన తెలుగు వాచకమును తెరచి ఒక్కొక్క యక్షరమును విడదీసి గట్టిగా పలుకుచుండెను. అక్షరములన్నియు వానికి వచ్చును. ఒత్తులును చాలవరకు వచ్చును. కాని వాక్యము ముగిసినపిదప "ఏమి చదివితివి నాయనా?" అని యడిగిన నేల చూచెను. వాని అవ్వ నాతో, "వీనికి సదువు ఎక్కదు సార్. ఆ పాపను సూడండి, ఎట్ల సదువుతాండాదో" అనెను. బాలుడు వినుచుండగనే యనెను. ఏడేండ్లవానిపై పడిన ఆ మాట వాడు పదవ తరగతికి వచ్చువరకు పోదని నాకు తెలియును. అందుచే ఈ విషయమును గూర్చి కొంత చదివి, కొంత పరీక్షించి, తెలిసినంత ఇందు వ్రాయుచున్నాను.

సింగపూరు పాఠశాలలలో ప్రతి విద్యార్థియు ఆంగ్లముతోపాటు మాతృభాష యను పేర మరియొక భాషను చదువవలెను. చీనా, మలయు, తమిళ భాషలు ఆంగ్లముతోపాటు అచటి అధికారభాషలు. భారతీయభాషలలో తమిళముగాక హిందీ, వంగము, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ అను నైదింటికి వెసులుబాటు కలదు. తెలుగునకు లేదు. కావున తెలుగు కుటుంబముల పిల్లలు ఏదో యొక పరభాషనే మాతృభాషగా చదువవలసి వచ్చుచున్నది. ఈ బాలికకు చీనాభాష పాలుపడినది. తల్లికిగాని తండ్రికిగాని అందొక్క యక్షరమైనను రాదు. ఇంటిలో చదివి వినిపించువారు లేని కొరతను ఆ సెల్‌ఫోను తీర్చుచున్నది.

ఇక అవ్వ మెచ్చుకొనిన ఆ చీనా చదువు ఎట్టిదో కొంచెము చూతము. మన లిపిలో అక్షరము ధ్వనికి గుర్తు. 'క' అని వ్రాసిన 'క' అనియే పలుకుదుము. చీనాలిపిలో అక్షరము ప్రధానముగా ఒక మాటకో, మాటలోని యొక భాగమునకో గుర్తు. అది యెట్లు పలుకవలయునో అక్షరము తనంతట తాను పూర్తిగా చెప్పదు. కొంత సూచన మాత్రము చాల యక్షరములలో నుండును. తల్లిని తెలుపు 'మా' అను అక్షరములో ఒక సగము స్త్రీని తెలుపు గుర్తు, రెండవ సగము గుఱ్ఱమును తెలుపు గుర్తు. గుఱ్ఱమును 'మా' అందురు కనుక ఆ సగము ధ్వనికై వచ్చినది. అయితే శతాబ్దములు గడచుటచే ఇట్టి సూచనలు పెక్కింట చెదరిపోయినవి. అంతేగాక స్వరభేదము కలదు. 'మా' అనుదానిని ఎత్తుగా సమముగా పలికిన తల్లి, పైకెత్తుచు పలికిన జనపనార, దించి యెత్తిన గుఱ్ఱము, పైనుండి వడిగా దించిన తిట్టుట. చీనాదేశపు ప్రాథమిక పాఠశాలలో ఆరేండ్లలో సుమారు 3000 అక్షరములను గుర్తింపవలయుననియు, అందు 2500 వ్రాయవలయుననియు నియమము. ఇన్నింటిని కన్నొక్కటియే మోయజాలదు. చెవి తోడు రావలెను.

ఈ సంగతి ఆ దేశమువారు పూర్వమే యెఱుగుదురు. మూడేసి యక్షరముల పాదములతో కూర్చిన 'సాన్ జి జింగ్' అను బాలశిక్షను పదుమూడవ శతాబ్దమునాటి వాంగ్ యింగ్‌లిన్ రచించెనని చెప్పుదురు. అంతకుముందే, ఆరవ శతాబ్దములో, జో షింగ్‌స్సు అనునాతడు వేయి యక్షరములను నాలుగేసి చొప్పున కూర్చి 'చియన్ జి వెన్' అను గ్రంథము వ్రాసెను. గురువు పాదము చదువును, పిల్లలు కలిసి తిరిగి పలుకుదురు. అర్థము పిదప వచ్చును. ఇది మన వీథిబడి పద్ధతికి ఎంత దగ్గరగా నున్నదో చదువరులు గమనింపగలరు. ఇరువదవ శతాబ్దములో అక్షరముల ప్రక్కన ఉచ్చారణ చూపుటకు గుర్తులను కల్పించిరి. 1918లో ఒక విధమైన ధ్వనిచిహ్నములును, 1958లో రోమను లిపితో 'పిన్‌యిన్' అను పద్ధతియు అధికారముగా వెలువడినవి. ఇవి చదువు నెంతయో సులభము చేసినవి. అయినను వ్రాసిన గుర్తు స్వరపు టెత్తుపల్లములను చెవికి వినిపింపజాలదు గదా.

మన సీమలో చెవిచదువు ఎట్లుండెడిదో తెలుపు సాక్ష్యమొకటి కలదు. 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని పాఠశాలలను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు. అది 1882లో ఏర్పడినది. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు ఆ నివేదికనాడు బళ్లారి జిల్లాలోనివే. జిల్లా మొత్తమున 533 పాఠశాలలు, 6641 మంది విద్యార్థులు. అందు కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుననియు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుదురనియు ఆయన వ్రాసెను. పెద్దపిల్లలచే నేర్పించు ఈ పద్ధతిని మద్రాసులో ఆండ్రూ బెల్ అను క్రైస్తవాచార్యుడు అంతకుముందే అవలంబించి, 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మన వీథిబడి యిసుక ఇంగ్లండువరకు పోయినదన్నమాట.

అయితే క్యాంబెల్ దొర ఒక లోపమునుగూడ దాచక చెప్పెను. పిల్లలు పద్యములను లెక్కకు మిక్కిలిగా వల్లింతురు గాని, కావ్యభాష వ్యవహారభాషకు దూరమగుటచే, వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికిని తెలియునని ఆయన యభిప్రాయము. ఆ మాట కటువైనను కొట్టివేయదగినది కాదు. చెవి ఒంటరిగా నడచిన చిలుకపలుకు మిగులును. కన్ను ఒంటరిగా నడచిన, అరుగుమీది మన బాలునివలె, అక్షరముల కుప్ప మిగులును. రెండును ఏకకాలమున ఒకే మాటమీద నిలిచినప్పుడే చదువు. స్వరము నిదానముగా నుండవలసిన కారణమంతయు ఇదియే. చిన్నవాని కన్ను మెల్లగా నడచును. స్వరము దానికై ఆగవలెను.

చీనాలిపి సంగతి సరే, పలికినట్లే వ్రాయు తెలుగునకు ఇది యేల యని కొందరడుగవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. కాని పరికించిన మన లిపియు పసివారికి అంత తేలిక కాదు. వర్ణమాలతో పని తీరదు. గుణింతములు కలుపుకొన్న రూపములు అయిదువందలకు మించును, పిమ్మట ఒత్తులు. మనకు పొరుగైన కన్నడమున, ఇంచుమించు మన లిపివంటి లిపిలోనే, పిల్లలు అక్షరములన్నింటిపై పట్టు సంపాదించుటకు ఎంతకాలము పట్టునో సొనాలీ నాగ్ అను పరిశోధకురాలు పరిశీలించి 2007లో ప్రకటించెను. ఆంగ్లపు టిరువదియాఱక్షరములవలె అది యొకయేటితో తీరు పని గాదనియు, మూడవ నాలుగవ తరగతులవరకు సాగుననియు తేలినది. కావున రెండవ తరగతి బాలుడు తడబడిన, వానికి చదువు రాదనుకొనుట తొందరపాటు.

ఇక వ్రాత వరుస వేరు, విను వరుస వేరు. 'స్త్రీ' అను మాటను చూడుడు. గుడిదీర్ఘము సకారము నెత్తిమీద నుండును. ఆ సకారము మొదట వినబడును, ఆ దీర్ఘము చిట్టచివర వినబడును. నడుమ తకార రేఫములు క్రింద వ్రేలాడుచుండును. పూర్వపు ముద్రణలో 'ధర్మము' వంటి మాటలయందు ముందుగా పలుకవలసిన రేఫకు గుర్తుగా, అక్షరమునకు తరువాత వలపలగిలక వ్రాసెడివారు. మా తాతగారి పుస్తకములు చదువబోయి నేనే దానివలన చిక్కులు పడితిని. వడిగా చదివినప్పుడు ఈ మెలికలు చెవికి అందవు.

అన్నింటికంటె పెద్ద చిక్కు పలుకుబడిలో నున్నది. మన ప్రాంతపు పిల్లవాడు ఇంటిలో 'వస్తాండాడు' అనును. వాచకములో 'వస్తున్నాడు' అని యుండును. వ్రేలు 'వస్తున్నాడు'మీద నుండగా నోరు 'వస్తాండాడు' అనుట నేను పలుమారు చూచితిని. ఉపాధ్యాయుడు తప్పని గద్దించును. నిజమునకు అది తప్పు కాదు. వాడు వాక్యార్థమును గ్రహించి తన భాషలో చెప్పినాడు. అక్షరమక్షరము చదివి అర్థము తెలియనివానికంటె వీడు ఒక మెట్టు పైననే యున్నాడు. వానికి కావలసినది గద్దింపు కాదు, 'వస్తున్నాడు' అను రూపమును చెవికి స్పష్టముగా పలుమారు వినిపించుట. ఇంటిలో ఉర్దూయో లంబాడీయో కన్నడమో మాటలాడు పిల్లలకు ఈ యవసరము ఇంకను హెచ్చు. పాఠ్యపుస్తకములు వ్యవహారభాషలో నుండవలెనని జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఈ వ్యాసపు గ్రాంథికమును చూచిన నవ్వుదురేమో. మన సంచిక పెద్దల యలవాటు నేను తప్పింపజాలను.

ఈ పద్ధతిని శ్రద్ధగా పరీక్షించినవారు అన్యదేశములలో కలరు. అమెరికాలో కారల్ ఛామ్‌స్కీ అను విదుషి, అక్షరములు కూడబలుకుకొనగలిగియు ధారాళముగా చదువలేని ఎనిమిదేండ్ల పిల్లలకు కథలను టేపులలో వినిపించి, పుస్తకము చూచుచు మరల మరల వినుడని చెప్పెను. వారు ఒక కథను దాదాపు కంఠస్థమగువరకు వినిరి. పిదప దానిని స్వయముగా చదివిరి. అటుపైని క్రొత్త కథలు పట్టుటకు పట్టు కాలము తగ్గుచు వచ్చినది. ఆమె వ్యాసము 1976లో వెలువడినది. రెండేండ్లకు మేరీ కార్బో అను నామె మరియొక మెట్టు ముందుకు పోయి, చదువులో వెనుకబడిన పిల్లలకై కథలను చిన్నచిన్న భాగములుగా విడదీసి, పదబంధముల వద్ద ఆగుచు, నిదానముగా చదివి టేపులలో నింపెను. ఇది యక్షరాభ్యాసమునకు బదులుగా చేయదగినది కాదు. అక్షరములు కొంతవరకు పట్టువడినవానికి ధార కల్పించుట దీని పని.

మన దేశములో దీనికి చుట్టమువంటి ప్రయత్నమొకటి పాటలతో జరిగినది. అహమ్మదాబాదులోని బ్రిజ్ కొఠారీగారి ప్రేరణచే 1999లో గుజరాతు దూరదర్శనములో సినిమాపాటలకు అదే భాషలో అక్షరములు తెరక్రింద చూపిరి. పాడుచున్న మాటకు రంగు మారుచుండును. పాట సహజముగానే సాగదీయబడును, పల్లవి పదేపదే వచ్చును. నిదానమును, పునరుక్తియు రెండును వెలలేకుండ దొరకినవి.

ఇక నా స్వల్పప్రయత్నము. అరుగుమీది బాలుని వాచకములోని యొక పాఠమును నేను సెల్‌ఫోనులో చదివి నింపితిని. మొదటి తప్పు ఇచటనే చేసితిని. మామూలుగా చదివి, వినిపించునప్పుడు ఫోనులోని వేగమును సగమునకు తగ్గించితిని. యంత్రము మాటల నడుమ ఖాళీనేగాక అచ్చులనుగూడ సాగదీసినది. తెలుగులో అచ్చు సాగిన అర్థమే మారును. 'పడు' అనునది 'పాడు' అయినది, 'విడు' అనునది 'వీడు' అయినది. బాలుడు విన్నట్లే పలకమీద దీర్ఘములు పెట్టి వ్రాసెను. వానిని కోపగించుటకు నాకు ముఖము లేకపోయెను.

రెండవమారు అక్షరమక్షరము విడదీసి నేనే మెల్లగా చదివితిని. అది ఇంకను చెడినది. 'గడ్డి' అనునది 'గడ్' అనియు 'డి' అనియు రెండు తునకలై, పసరము మేయు గడ్డి యెచటికో పోయినది. నేను వాని దోషమును సరిదిద్దుటకు పోయి వాని దోషమునే నేర్చుకొని చదివితినన్నమాట. చీనాభాషయందును ఇట్టి ప్రమాదమే కలదని పిదప తెలిసినది. వారి కుశలప్రశ్నయైన 'నీ హావ్'లో రెండక్షరములకును దించి యెత్తు స్వరమే. కాని రెండును కలియగానే మొదటిది పైకెత్తు స్వరముగా మారును. విడదీసి చదివిన ఈ మార్పు వినబడదు. మన సంధివంటిదే అది. వారి లిపిలో మాటకును మాటకును నడుమ ఖాళీ యుండదు గూడ. మన తాటియాకు గ్రంథములలోను ఉండెడిది కాదు. ఎచట మాట ముగిసినదో తెలుపునది చదువువాని విరామమే.

మూడవమారు ఆ సింగపూరు బాలిక వినుచుండిన స్వరమును జ్ఞప్తికి తెచ్చుకొంటిని. మాటను మాటగానే, దాని సహజమైన నిడివితోనే పలికితిని. రెండు మూడు మాటలు కూడి యొక భావమైనచోట ఆగితిని. ఆగిన కాలము, బాలుడు ఆ మాటలను తానొకమారు గొణుగుకొని వ్రేలిని తరువాతి మాటమీదికి తెచ్చుకొనుటకు పట్టునంత. దీనికి గడియారముతో కొలత లేదు. వాని వ్రేలే కొలత. వ్రేలు ముందుగా పోయి ఎదురుచూచుచున్న స్వరము మందమైనదని యర్థము. వ్రేలు గాలిలో తేలుచున్న స్వరము త్వరపడినదని యర్థము. దినమునకు నాలుగు వాక్యములు మాత్రమే. మొదట వట్టిగా వినుట, రెండవమారు వ్రేలితో వినుట, మూడవమారు స్వరముతో కలిసి చదువుట, పిదప ఫోను మూసి తానే చదువుట. మూడు వారములకు ఆ పాఠమును వాడు ధారగా చదివి, అందులోని కోతి యేమి చేసెనో నాకు చెప్పెను. ఎన్నడును వినని పాఠమును చూపగా పాతవిధముననే తడబడెను. కాని వాక్యాంతమున ఆగి, తలయెత్తక, మరల మొదటినుండి చదువుకొనెను. అర్థమేమో కావలయునని వానికి తోచినది. ఇది మునుపు లేదు.

తరువాత వేమన పద్యములను పట్టితిమి. వేమన సమాధి గల కటారుపల్లె మన గాండ్లపెంట మండలములోనిదే కనుక ఇచటి పిల్లలకు బడికి రాకముందే రెండు మూడు పద్యములు నోటికి వచ్చును. 1829లో సి. పి. బ్రౌను దొర ఆ పద్యములను అచ్చు వేయకముందు తరతరములు అవి నిలిచినది చాలవరకు నోళ్లలోను చెవులలోను గదా. ఆటవెలది పాదము చిన్నది, అయిదు గణములతో ముగియును, విరామము తానే దొరకును. అయితే ఇందొక మోసము కలదు. నోటికి వచ్చిన పద్యమును పిల్లవాడు పుస్తకము తలక్రిందుగా పట్టియు చదువగలడు. అందుచే పద్యము ముగిసినవెంటనే మూడవ పాదములో నొక మాటమీద వ్రేలుంచి "ఇదేమి?" అని యడుగవలెను. వాడు మొదటినుండి లోలోపల వల్లించుకొనుచు, మాటకొక మాటగా వ్రేలు జరపుచు అచటికి వచ్చి చెప్పును. ఆ లెక్కించుకొను క్షణముననే కన్నును చెవియు కలియుచున్నవి. వచ్చిన పద్యము అప్పుడు మోసము గాక మేలే యగును.

స్వరమును ఎప్పుడు తీసివేయవలయునన్నది మిగిలిన ప్రశ్న. ఎల్లకాలము ఉంచిన అది ఊతకఱ్ఱయై, పిల్లవాడు వినిపించనిదే పుస్తకము తెరువడు. నేననుసరించినది ఇది: ఒక పాఠమును మూడుమారులకు మించి వినిపించుట అవసరము లేనప్పుడు విరామములను తగ్గించుట, రెండుమారులు చాలినప్పుడు పాఠములోని మొదటి సగమును మాత్రమే వినిపించి మిగిలినది వానికే విడుచుట.

తల్లిదండ్రులు చదువెఱుగని యిండ్లు మన గ్రామములలో ఇంకను చాల గలవు. సెల్‌ఫోను లేని యిండ్లు అంతకంటె తక్కువ. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు తమ తమ్ములకును చెల్లెండ్రకును వాచకపాఠములు ఇట్లు చదివి యుంచిన, వీథిబడిలోని పెద్దపిల్లలు చేసిన పనినే మరల చేసినవారగుదురు. చదువబోవువారు ముందుగా పాఠమంతయు తాము చదువుకొని, ఆగవలసినచోట్ల పెన్సిలుతో గీతలు పెట్టుకొనవలెను. తెల్లవారుజామున, బస్సులు కదలకముందు నింపుట మంచిది. నేను సాయంకాలము నింపిన పాఠములో మేకల అరుపులు వినబడి, బాలుడు వానికై పుటలో వెదకెను.